అంబాసిడర్ సిగ్నల్లో వణుకుతోందా? ముందు ఆ స్క్రూడ్రైవర్ పక్కన పెట్టు

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. మీ నాన్నగారి 1986 మోడల్ అంబాసిడర్ మార్క్ 4, పెట్రోలు బండి. పొద్దున తీస్తే బాగానే ఉంటుంది. శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ ఎక్కి పోతున్నంతసేపూ ఏ ఇబ్బందీ లేదు. కింద లీలామహల్ సర్కిల్ దగ్గర సిగ్నల్లో నిలబడితే మాత్రం ఒక్కోసారి ఇంజన్ దడదడలాడి, రెండుసార్లు దగ్గి, ఆగిపోతుంది. మళ్ళీ రెండు మూడు రోజులు ఆ ఊసే ఉండదు. తిరుపతిలో ముగ్గురికి చూపించావు. కార్బురేటర్ (పెట్రోలు, గాలి కలిపే భాగం) రెండుసార్లు విప్పి కడిగారు, ప్లగ్గులు మార్చారు, కాయిల్ (ప్లగ్గులకు మెరుపు కరెంటు తయారుచేసేది) మార్చారు. మూడో ఆయన ఇంజన్ బోరుకొచ్చింది, అంటే సిలిండర్ల లోపలి గోడలు అరిగాయి అన్నాడు. బోరు చేయించమంటావా అన్నా అని అడిగావు.

వద్దు. బోరు అరిగిన ఇంజన్ రోజూ అరిగే ఉంటుంది. మంగళవారం అరిగి బుధవారం బాగుపడదు. వచ్చి పోయే జబ్బుకు కారణం కూడా వచ్చి పోయేదే అయ్యుండాలి: వదులైన వైరు, వేడికి గుణం మారే భాగం, గాలి దూరే సందు, కదిలే చెత్త. ఇంజన్ దించడం గురించి ఇప్పుడు ఆలోచించకు.

ఇంకో మాట. బండి బాగా నడుస్తున్న రోజున మెకానిక్ దగ్గరకు తీసుకెళ్ళావు కదా, అక్కడే తప్పు జరిగింది. జబ్బు కనపడనప్పుడు మెకానిక్ ఏం చేస్తాడు? చేతికందిన స్క్రూ తిప్పుతాడు. ఎస్‌యూ అనే రకం కార్బురేటర్ బయటికి బాగా కనపడుతుంది, చెయ్యి సులువుగా పోతుంది, అందుకే ప్రతివాడి చెయ్యీ మొదట దాని మీదే పడుతుంది. నేను కూడా చిత్తూరులో పని నేర్చుకునే రోజుల్లో అదే చేసేవాణ్ణి.

కాబట్టి ఒక వారం ఏమీ ముట్టుకోకు. డ్యాష్‌బోర్డ్ మీద ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకో. వణుకు వచ్చిన ప్రతిసారీ నాలుగు ముక్కలు రాయి. ఇంజన్ వేడిగా ఉందా, చల్లగా ఉందా. బండి తీసి ఎంతసేపైంది. హెడ్‌లైట్లు, హారన్ లాంటివి వాడుతున్నావా. వాన, మంచు ఉన్నాయా, పెట్రోలు ఎప్పుడు పోయించావు. వారంలో అయిదారుసార్లు వస్తే చాలు, ఒక పోలిక కనపడుతుంది. వేడెక్కాకే వస్తుంటే కండెన్సర్ (డిస్ట్రిబ్యూటర్‌లో అనవసర మెరుపును అణిచే చిన్న డబ్బీ), పెట్రోలు మరగడం, టాపెట్లు (వాల్వులను తెరిచే భాగాలు). నవంబర్ వానల్లో పొద్దునే వస్తుంటే డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు కరెంటు పంచే డబ్బా) క్యాప్, ప్లగ్ వైర్లు. గుంతలో పడ్డాక వస్తుంటే వైరింగ్. లైట్లు వేసినప్పుడు వస్తుంటే బ్యాటరీ, చార్జింగ్, ఎర్త్ (కరెంటు బాడీ గుండా తిరిగిపోయే దారి).

ఇక పట్టుకునే పని. వణుకు మొదలైనప్పుడు బండిని పక్కకు తీసి, ఇంజన్ ఆపకుండా బానెట్ లేపు. ఆ అయిదు నిమిషాలూ బంగారం.

ముందు చూడాల్సింది ఇంజన్ నిజంగా మిస్ కొడుతోందా, అంటే ఏదైనా సిలిండర్ మండకుండా దాటేస్తోందా అని. నవ్వకు. అంబాసిడర్ ఇంజన్ మౌంటింగ్ రబ్బర్లు గట్టిపడి పగిలితే, ఇంజన్ బాగున్నా బాడీ అంతా వణుకుతుంది, స్టీరింగ్ ఊగుతుంది, అద్దం గలగలమంటుంది. బండి వెనక్కి వెళ్ళి సైలెన్సర్ దగ్గర చెవి పెట్టి విను. "పుప్ పుప్ పుప్" అని తాళం తప్పకుండా వస్తుంటే ఇంజన్ మీద నింద వేయకు, మౌంటింగ్‌లు చూడు. తాళం తప్పుతుంటే ఎలా తప్పుతోందో గమనించు. ప్రతి నాలుగో దెబ్బా తప్పుతుంటే ఒక సిలిండర్ పనిచేయడం లేదు. ఎప్పుడు పడితే అప్పుడు, ఒకసారి రెండు, ఒకసారి ఒకటి తప్పుతుంటే నాలుగింటికీ ఉమ్మడిగా ఉన్న భాగంలో లోపం: పాయింట్లు (కాయిల్ కరెంటును తెరిచి మూసే చిన్న స్విచ్), కండెన్సర్, కాయిల్ వైరు, రోటర్ (క్యాప్ కింద తిరుగుతూ కరెంటు పంచే ముక్క), పెట్రోలు. అలాగే ఒక పేపరు ముక్కను సైలెన్సర్ గొట్టం అంచున పట్టుకో. బయటికి ఎగురుతూ మధ్య మధ్యలో లోపలికి గుంజుకుంటుంటే వాల్వ్ సరిగా కూర్చోవడం లేదేమోనని అనుమానించాలి.

తర్వాత ప్లగ్ వైర్లు ఒక్కొక్కటే పీకి చూడు. రబ్బరు పిడి ఉన్న పటకారుతో పట్టుకో, పీకిన వైరును బ్లాకుకు దగ్గరగా పెట్టు, గాల్లో వదిలేయకు. బాగున్న సిలిండర్ వైరు పీకితే ఇంజన్ ఇంకా పడిపోతుంది. పనిచేయని సిలిండర్ వైరు పీకితే తేడా తెలియదు. ఈ 1489 సీసీ ఇంజన్ హెడ్డులో పెట్రోలు గాలి లోపలికి పోవడానికి నాలుగు సిలిండర్లకూ రెండే దారులు. 1, 2 ఒక దారి పంచుకుంటాయి, 3, 4 ఇంకోటి. అందుకని ఒకే దారి పంచుకునే జత రెండూ నీరసంగా ఉంటే, ఆ వైపు మేనిఫోల్డ్ (ఆ దారులకు మిశ్రమం తెచ్చే గొట్టం) గ్యాస్కెట్ దగ్గర గాలి లాగుతోందేమో చూడాలి. ఒక్కటే నీరసంగా ఉంటే ప్లగ్గు, వైరు, టాపెట్. 2, 3 కలిసి పోతే హెడ్ గ్యాస్కెట్ మధ్యలో కాలిందేమోనని కంప్రెషన్ (సిలిండర్లో గాలి నొక్కుడు) గేజ్ పెట్టి కొలవాలి. కంప్రెషన్ అంకె ఎంతొచ్చింది అన్నదానికంటే నాలుగింటికీ దగ్గర దగ్గరగా ఉందా అన్నది ముఖ్యం. బోరు సంగతి తేల్చేది కూడా ఆ గేజే, ఎవరి నోటి మాటా కాదు.

నువ్వు చెప్పిన లక్షణాలను బట్టి నా అనుమానం డిస్ట్రిబ్యూటర్ మీద. మన వైపు పాత మేస్త్రీలు డెల్కో అంటారే, అదే. ఎందుకో చెప్పాలంటే నా పరువు తీసిన ఒక బండి కథ చెప్పాలి.

చాలా ఏళ్ళ క్రితం చిత్తూరు బెల్లం మండీలో ఒక షావుకారు బండి నా దగ్గరకొచ్చింది. అంబాసిడరే. నీ బండి లక్షణాలే. హైవే మీద పరుగు, మొగిలి ఘాట్ ఎక్కుడులో కూడా ఏ ఢోకా లేదు, గాంధీ సర్కిల్లో ఆగితే వణుకు. నేను కార్బురేటర్ విప్పాను. పాయింట్లు, కండెన్సర్ మార్చాను. ఏసీ పంప్ (ట్యాంకు నుంచి పెట్రోలు లాగే పంపు) మార్చాను. ప్రతిసారీ నాలుగు రోజులు బాగుండేది, నేను గెలిచాననుకునేవాణ్ణి, అయిదో రోజు షావుకారు ఫోను. మూడు వారాలు అలా నడిచింది. చివరికి కుటుంబంతో కాణిపాకం పోయి వస్తూ గుడి వీధి మలుపులో బండి ఆగిపోయిందట. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అది ఇంకా టెన్షన్.

ఆ రాత్రి షెడ్డులో డిస్ట్రిబ్యూటర్ క్యాప్ తీసి, టార్చి నోట్లో కరుచుకుని కూర్చున్నాను. పాయింట్లు బిగించిన ప్లేటు ఉంటుంది చూడు, అది కదిలే ప్లేటు. యాక్సిలరేటర్ తొక్కితే కార్బురేటర్ నుంచి సన్న గొట్టం ద్వారా వాక్యూమ్ (గాలి పీల్చే బలం) వచ్చి ఆ ప్లేటును కొంచెం తిప్పుతుంది, టైమింగ్, అంటే ప్లగ్గు మెరుపు కొట్టే క్షణం, ముందుకు జరుగుతుంది. స్లోలో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ ఆడేటప్పుడు, వాక్యూమ్ అందదు కాబట్టి ప్లేటు వెనక్కి వచ్చి కూర్చుంటుంది. ఆ కదలికకు వీలుగా లోపల రెండు మెత్తటి వైర్లు ఉంటాయి. ఒకటి కాయిల్ నుంచి పాయింట్లకు కరెంటు తెచ్చేది, రెండోది ప్లేటును ఎర్త్ చేసే చిన్న జడ వైరు. వేలితో ప్లేటును అటూ ఇటూ తిప్పుతూ మీటరు పెట్టి చూశాను. ముందుకు తిప్పితే సున్నా, అంటే కరెంటు దారి బాగుంది, వెనక్కి వదిలితే ముల్లు తప్పతాగినట్టు ఊగుతోంది. కాయిల్ వైపు వైరు మీద తొడుగు చెక్కుచెదరకుండా ఉంది. చిటికెన వేలి గోరుతో వంచితే ఒకచోట మరీ మెత్తగా, ఎముక లేని వేలులా వంగింది. తొడుగు కోసి చూస్తే లోపల రాగి పోగులన్నీ తెగి, రెండో మూడో మాత్రం పట్టుకుని ఉన్నాయి. ప్లేటు ముందుకు జరిగితే తెగిన కొసలు తగులుతున్నాయి, వెనక్కి వస్తే విడిపోతున్నాయి. అందుకే పరుగులో బాగు, నిలబడితే జబ్బు. నేను పాయింట్లు మార్చిన ప్రతిసారీ ఆ వైరు కొంచెం అటూ ఇటూ కదిలి నాలుగు రోజులు తగులుకునేది. జానెడు కూడా లేని వైరు, మూడు వారాల నా కూలి తినేసింది.

కాబట్టి నువ్వు మొదట చేయాల్సింది అదే. క్యాప్ తీసి, పాయింట్ల మధ్య అట్ట ముక్క పెట్టి, డిస్ట్రిబ్యూటర్ పక్క టెర్మినల్ నుంచి పాయింట్ స్ప్రింగు దాకా మీటరు పెట్టు, ప్లేటును తిప్పుతూ చూడు. అలాగే ప్లేటు నుంచి ఇంజన్ బాడీకి ఎర్త్ చూడు. ప్లేటు తిప్పడానికి సులువైన పద్ధతి: వాక్యూమ్ గొట్టం కార్బురేటర్ వైపు కొస పీకి నోటితో గాలి పీల్చు. ప్లేటు కదలాలి. పీల్చి నాలుక అడ్డం పెడితే అలాగే నిలబడాలి. నిలబడకపోతే లోపల డయాఫ్రమ్ (పలచటి పొర) చిరిగింది, లేదా గొట్టం కొసన రబ్బరు పగిలింది.

అక్కడే ఉన్నావు కాబట్టి రోటర్ తీసి షాఫ్టును పట్టుకుని పక్కలకు ఊపు. టకటక ఆడుతుంటే బుష్ (షాఫ్టు తిరిగే తొడుగు) అరిగింది. అలాంటప్పుడు పాయింట్ల గ్యాప్ ఎంత జాగ్రత్తగా పెట్టినా తిరిగేటప్పుడు దాని ఇష్టం. ఈ లూకాస్ డిస్ట్రిబ్యూటర్‌కు గ్యాప్ 14 నుంచి 16 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), అంటే 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. ప్లగ్ గ్యాప్ 25 థౌ. ఫీలర్ గేజ్ పెట్టి కొలువు. హ్యాక్సా బ్లేడు మందం చాలు అనే మెకానిక్‌కు దండం పెట్టి వచ్చేయ్.

కండెన్సర్ సంగతి. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, ఇంజన్ వేడెక్కాక చచ్చిపోయే భాగాల్లో ఇది మొదటిది. పాయింట్లు తెరుచుకునేటప్పుడు వాటి మధ్య ఎర్రగా, పెద్దగా మెరుపు కొడుతున్నా, కొత్త పాయింట్లు కొద్ది రోజులకే ఒక వైపు గుంతపడి ఇంకో వైపు మొటిమ లేచినా దాన్ని అనుమానించు. ఈ మధ్య కొత్తగా దొరికే కండెన్సర్లలో నాసిరకం చాలా ఉన్నాయి, "కొత్తది వేశాం కదా" అని దాన్ని లెక్కలోంచి తీసేయకు. నేనైతే ఒక మంచి కండెన్సర్‌కు వైరు అతికించి బండిలో పెట్టుకుంటాను. వణుకు రాగానే ఇంజన్ ఆపి, పాత కండెన్సర్ వైరు విప్పేసి, దీన్ని బయటే కాయిల్ పక్కన బిగించి పాయింట్ల వైపు వచ్చే టెర్మినల్‌కు కలుపుతాను. వెంటనే స్టార్ట్ చేస్తే జబ్బు పోయిందా లేదా అక్కడే తేలిపోతుంది. కావాలంటే శాశ్వతంగా బయటే ఉంచుకోవచ్చు, లోపలి కంటే అక్కడ వేడి తక్కువ.

ఇగ్నిషన్ స్విచ్ అరిగినా ఇలాగే ఏడిపిస్తుంది. జబ్బు వచ్చినప్పుడు బ్యాటరీ నుంచి కాయిల్‌కు స్విచ్ వైపు టెర్మినల్‌లోకి నేరుగా ఒక వైరు పట్టు. ఇంజన్ తేరుకుంటే లోపం స్విచ్‌లోనో దాని వైరింగ్‌లోనో ఉంది. ఇంజన్ ఆపాలంటే తాళం చాలదు, ఆ వైరు కూడా పీకాలి. మర్చిపోయి టీకి వెళితే కాయిల్ కాలుతుంది, అదీ జరిగింది నాకు.

ఇంజన్ రబ్బర్ల మీద కూర్చుంటుంది కాబట్టి ఇంజన్‌కూ బాడీకీ మధ్య ఎర్త్ పట్టీ ఉంటుంది. దాని రెండు కొసలూ విప్పి, గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది బిగించు. అయిదు నిమిషాల పని, ఎవరూ చేయరు.

రాత్రి పూట ఇంట్లో లైట్లన్నీ ఆపి, బానెట్ లేపి స్లోలో పెట్టి చూడు. ప్లగ్ వైర్ల మీద నీలం గీతలు పాకుతుంటే, క్యాప్ దగ్గర మెరుపులు కనపడుతుంటే దొరికినట్టే. కనపడకపోతే ఇస్త్రీకి వాడే స్ప్రే సీసాతో నీళ్ళు సన్నగా మంచులా కొట్టు. క్యాప్ లోపలి వైపు పెన్సిల్ గీత లాంటి నల్లటి చార ఉంటే దాన్ని తుడిచి లాభం లేదు, మార్చేయాలి.

ఇంతవరకూ ఏమీ దొరకకపోతే గాలి సందులు వెతుకు. చాలామంది కార్బ్ క్లీనరో పెట్రోలో కొట్టి చూస్తారు. ఈ ఇంజన్‌కు ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ రెండూ ఒకే వైపు ఉంటాయి. నువ్వు స్ప్రే కొట్టే చోటికి కిందే కాలుతున్న ఇనుము. దయచేసి ఆ పని చేయకు. సబ్బు నీళ్ళు సిరంజిలో తీసుకుని మేనిఫోల్డ్ జాయింట్ల మీద, కార్బురేటర్ అడుగున ఒక్కో చుక్క వదులు. ఎక్కడ వదిలినప్పుడు ఇంజన్ శబ్దం మారిందో అక్కడే సందు. థ్రాటిల్ స్పిండిల్ (యాక్సిలరేటర్ తొక్కితే తిరిగే కార్బురేటర్ ఇరుసు) రెండు కొసల్లోనూ చిక్కటి గ్రీసు పూసి చూడు. పూయగానే స్లో నిలబడితే స్పిండిల్ అరిగింది. ఈ వయసు బండ్లలో అది మామూలే. స్పిండిల్, బుష్‌లు చెన్నై పుదుపేటలో వెతికితే దొరుకుతాయి. పాత కార్బురేటర్ మొత్తంగా కొనకు, అది నీదానికంటే అరిగి ఉంటుంది.

ఎండాకాలం మన దగ్గర ఇంకో గొడవ ఉంది. మే నెలలో తిరుపతి ఎండకు, ట్రాఫిక్‌లో ఆగి ఉన్న బానెట్ కింద పెట్రోలు మరుగుతుంది. ఏసీ పంప్ ఇంజన్‌కే అతుక్కుని ఉంటుంది, గొట్టం ఎగ్జాస్ట్‌కు దగ్గరగా పోతే ఇంకా చెప్పక్కర్లేదు. దానికి తోడు ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పాత సెట్టింగ్ మీద మిశ్రమం పలచబడుతుంది, ఆ పలచన మొదట తెలిసేది స్లోలోనే. పాత రబ్బరు గొట్టాలను, పంపు డయాఫ్రమ్‌ను అది మెత్తబరుస్తుంది. ఊడిన రబ్బరు నలుసులు ఫ్లోట్ చాంబర్ (కార్బురేటర్లో పెట్రోలు నిలిచే గిన్నె) సూది కింద కూర్చుంటాయి, కడిగిన వారానికి మళ్ళీ కూర్చుంటాయి. నీ కార్బురేటర్ రెండుసార్లు కడిగినప్పుడు లోపల ఏం దొరికిందో అడిగావా? నల్లటి మెత్తటి నలుసులైతే గొట్టాలన్నీ ఇథనాల్‌కు ఆగే రకంవి వేయించు. తుప్పు పొడి అయితే ట్యాంకు దించి కడగాలి. నెలకోసారి మాత్రమే తీసే బండి అయితే ట్యాంకులో నీళ్ళు చేరాయేమో ఒక గాజు సీసాలో పట్టి, కాసేపు నిలబెట్టి చూడు.

టాపెట్ల గురించి ఒక మాట. మన దేశంలో 2000 ఫిబ్రవరి నుంచి సీసం లేని పెట్రోలే. ఈ ఇంజన్లు సీసం ఉన్న రోజుల్లో పుట్టినవి. సీసం లేకపోయేసరికి ఎగ్జాస్ట్ వాల్వ్ సీట్లు మెల్లగా అరిగి, వాల్వ్ లోపలికి దిగి, టాపెట్ గ్యాప్ మూసుకుపోతుంది. అప్పుడు ఇంజన్ నిశ్శబ్దంగా ఉంటుంది, ఓనరు ఆహా అనుకుంటాడు. వేడెక్కాక వాల్వ్ పూర్తిగా మూసుకోదు, స్లోలో వణుకు. గ్యాప్ 15 థౌ ఉండాలి. లెక్క సులువు: ఏ వాల్వ్ పూర్తిగా తెరుచుకుని ఉందో చూడు, తొమ్మిదిలోంచి దాని నంబరు (ఒక కొస నుంచి ఎనిమిదింటినీ వరసగా లెక్కబెట్టి) తీసేయ్, వచ్చిన నంబరు వాల్వ్‌ను కొలువు. 8 తెరుచుకుంటే 1, 6 తెరుచుకుంటే 3.

కార్బురేటర్‌ను చిట్టచివర ముట్టుకో. నీ బండికి ఎస్‌యూ ఉందా, ఎవరైనా సోలెక్స్ అనే ఇంకో రకానికి మార్చారా చూడు. సోలెక్స్ అయితే దానికి విడిగా స్లో జెట్ (స్లోకు పెట్రోలు ఇచ్చే సన్న రంధ్రం) ఉంటుంది, అందులో నలుసు పడితే స్లో మాత్రమే చెడుతుంది, నీ లక్షణాలకు సరిపోతుంది. ఎస్‌యూకు విడిగా స్లో జెట్ లేదు, అన్నిటికీ ఒకటే సూది, ఒకటే జెట్. దానికి పక్కనున్న చిన్న పిన్నుతో పిస్టన్‌ను వెంట్రుకవాసి పైకెత్తు. స్పీడు పెరిగి అలాగే ఉంటే పెట్రోలు ఎక్కువ. ఇంజన్ పడిపోతే తక్కువ. కాస్త పెరిగి సర్దుకుంటే సరిగ్గా ఉన్నట్టు. ఇంజన్ ఆపి, పిస్టన్‌ను పూర్తిగా ఎత్తి వదిలితే టక్‌మని కింద పడాలి. పడకుండా మధ్యలో పట్టేస్తుంటే అదీ వచ్చి పోయే జబ్బే. పైన డ్యాష్‌పాట్‌లో (పిస్టన్ కదలికను అదుపు చేసే గొట్టంలో) పలచటి ఆయిల్ పోయాల్సిన చోట గ్రీసు పెట్టిన పుణ్యాత్ములను కూడా చూశాను.

ఏది మార్చినా ఒకసారికి ఒకటే మార్చు, మార్చి కనీసం వారం తిప్పు. పాయింట్లు, కండెన్సర్, రోటర్ ఒకేరోజు వేస్తే బండి బాగుపడొచ్చు, ఎందుకు బాగుపడిందో మాత్రం నీకు తెలియదు, రెండు నెలల తర్వాత మళ్ళీ మొదటికే వస్తావు.

నోటు పుస్తకం వారం గడిచాక వచ్చే ఆదివారమే డిస్ట్రిబ్యూటర్ వైరు చూసి ఏం కనపడిందో రాయి. తొడుగు బాగుందని వదలొద్దు, వంచి చూడు. అక్కడ ఏమీ లేకపోతే నోటు పుస్తకం తీసుకుని చిత్తూరుకు రా. వచ్చే ముందు ట్యూనింగ్ చేయించకు, ఇంజన్ వేడి చల్లారకముందే షెడ్డులోకి తెచ్చేయ్. తీసేసిన పాత కాయిల్, ప్లగ్గులు ఇంట్లోనే ఉంటే అవి కూడా డిక్కీలో వేసుకురా, వాటిలో బాగున్నవి ఉంటాయి.